నదివైపు గోల్

రెండోరోజు కూడా డెల్మీరా మధ్యాహ్నం భోజనం రెండు చోట్ల వడ్డించింది. ఒక పళ్ళెం వంటింటి బల్లమీద కొడుక్కి. ఇంకో పళ్ళెం, పైన గుడ్డ కప్పి, పెరటి షెడ్డులో ఉన్న భర్తకి.

బుధవారం సాయంత్రం ఎవరిస్తో తన పరుపు చుట్టి భుజాన వేసుకుని వెళ్ళినప్పుడు, ఇది ఒక్క పూట కోపం అనుకుందామె. ఆగస్టు ఇక్కడ నడి శీతాకాలం. ఆ చలిలో, నదిమీది గాలి తిన్నగా తగిలే రేకుల షెడ్డులో, అరవై తొమ్మిదేళ్ళ మనిషి ఎన్నాళ్ళు పడుకుంటాడు? ఇవాళ శుక్రవారం. పొద్దున గడ్డిమీద మంచు తెల్లగా గట్టిపడి ఉంది. ఆయన మాత్రం గడ్డం గీసుకుని, ఏమీ జరగనట్టు పనిలో కూర్చున్నాడు.

షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. ఎవరిస్తో పీటమీద కూర్చుని గోల్ వల అల్లుతున్నాడు. అది ప్రాథమిక పాఠశాల పిల్లల మైదానానికి. రిబెరా ఫుట్‌బాల్ క్లబ్బులో మైదానం చూసుకునే ఉద్యోగం వదిలేసిన దగ్గర్నుంచి ఆ బడిలో గడ్డి కోస్తున్నాడు. చెక్క సూది ముడిలోంచి ముడిలోకి చప్పుడు లేకుండా పోతోంది.

"చల్లారకముందే తిను" అంది డెల్మీరా.

"వాడు తిన్నాడా?"

"పదిహేను అడుగుల దూరంలో ఉన్నాడు. నువ్వే అడుగు."

ఎవరిస్తో ముడి బిగించాడు. ఇంకో ముడికి దారం కొలిచాడు.

"ఆరుంబావు బస్సుకి వెళ్ళిపోతాడట" అందామె. "నీ ఇల్లు నీకు వదిలేస్తాడట."

సూది ఒక్క క్షణం ఆగింది. "వాణ్ణి ఎవరు పొమ్మన్నారు?"

"ఉండమని మాత్రం ఎవరన్నారు?"

ఆయన సూది పక్కన పెట్టాడు. చెంచా చేతిలోకి తీసుకునేదాకా నిలబడి, డెల్మీరా వెనక్కి తిరిగింది.

నజరేనో ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజులూ తండ్రీ కొడుకుల మాటలన్నీ ఆమె చేతుల మీదుగానే నడిచాయి. తువ్వాలు ఎక్కడుందో నాన్నని అడుగమ్మా. కిటికీ మూసి పడుకోమని వాడికి చెప్పు. ఎంగిలి గిన్నెలు మోసినట్టే ఆ మాటలూ మోసింది. మాటలకు బరువుంటుందని అరవై ఆరేళ్ళ వయసులో తెలిసొచ్చింది.

వంటింట్లో నజరేనో కుడికాలు ఎదురు కుర్చీమీద చాపుకుని, రొట్టెముక్కతో పళ్ళెం తుడుస్తున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు. చెవుల పక్క జుట్టు నెరిసింది. సంచీ తలుపు దగ్గర సిద్ధంగా ఉంది.

"ఇంకొంచెం వేయనా?"

"చాలమ్మా. బస్సులో నిద్రపోవాలి."

కోర్దోబాలో పాత జట్టు స్నేహితుడొకడు టైర్ల దుకాణం నడుపుతున్నాడు. లెక్క చూసే పని ఉంది, నిలబడక్కర్లేదు అన్నాడట. ఆ సంగతి నజరేనో నిన్న మామూలుగా చెప్పాడు, ఎవరి గురించో చెప్పినట్టు.

డెల్మీరా ఉప్పు డబ్బా సర్దే నెపంతో అలమారా తెరిచింది. తలుపు లోపలివైపు పెన్సిలుతో రాసుకున్న చిరునామాలున్నాయి. కొడుకు పదిహేనో ఏట ఇల్లు వదిలిన దగ్గర్నుంచి ఏటా రెండుసార్లు నారింజ జామ్ సీసాలు గుడ్డల్లో చుట్టి పంపేది. మొదటిది శాంతా ఫేలో క్లబ్బు కుర్రాళ్ళ వసతిగృహం. తరువాత హుహుయ్. తరువాత బొలీవియాలో ఒరూరో. అక్కడి కొండ ఎత్తుకి వాడికి మొదటి నెలంతా ముక్కులోంచి రక్తం కారింది. ఆ తరువాత ఈక్వడార్‌లో మచాలా. మళ్ళీ దేశంలోకొచ్చి రెండో శ్రేణి జట్లు, చివరికి మెండోసా. తొమ్మిది క్లబ్బులు, పంతొమ్మిదేళ్ళు, ఒకే మోకాలికి మూడు ఆపరేషన్లు, రెండేళ్ళు నిలిచిన ఒక పెళ్ళి. పేపర్లవాళ్ళు వాణ్ణి గొప్ప ఆటగాడని ఎన్నడూ రాయలేదు. నమ్మదగినవాడు అని రాసేవారు. ఆ మాట చదివినప్పుడల్లా ఆమెకు బడినుంచి వచ్చిన ప్రోగ్రెసు కార్డు చూసినట్టుండేది.

మొత్తం నలభై మూడు గోల్స్. అందులో ఒకదాని గురించి ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

"అమ్మా" అన్నాడు నజరేనో. "ఎలియో పెరూచి నాకు ఫోన్ చేస్తే వెళ్ళిపోయానని చెప్పు. సాయంత్రంలోగా మాట ఇస్తానన్నాను."

"నువ్వే చెప్పు. నేను ఎవరి మాటలూ మొయ్యను ఇంక."

నజరేనో నవ్వాడు. నవ్వినప్పుడు వాడి మొహం పదిహేనేళ్ళదే.

"నీకు ఉండాలని ఉందా, లేదా?" అని అడిగింది. ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ అడగలేదు.

వాడు పళ్ళెం పక్కకి జరిపాడు. తనకి ఇంకో పని రాదన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఎడమకాలితో బంతి ఆపడం నేర్పగలడు, అది మాత్రం బాగా నేర్పగలడు. పొద్దున్నే లేచి ఈ నది చూడగలిగితే మోకాలు ఎంత నొప్పిపెట్టినా పరవాలేదన్నాడు.

"కానీ నాన్న నా మొహం చూడటం లేదమ్మా. ఆయన్ని షెడ్డులో పడుకోబెట్టి నేను ఆయన ఇంట్లో పడుకుని ఎలా ఉండను?"

ఇదంతా బుధవారం పెరూచి తెచ్చిన ఫోటోతో మొదలైంది.

పెరూచి ఊళ్ళో మందుల షాపు యజమాని, రిబెరా క్లబ్బు అధ్యక్షుడు. మనిషి ఒక్కచోట కుదురుగా కూర్చోడు. ఆ సాయంత్రం వచ్చి, మాతే ఆకు టీ తాగుతూ, చంకలోంచి పెద్ద కవరు తీసి బల్లమీద పరిచాడు. పద్నాలుగేళ్ళ కిందటి ఫోటో. తెల్ల చొక్కాలో ఇరవై నాలుగేళ్ళ నజరేనో, రెండు చేతులూ జోడించి, తల వంచి, జనం ముందు నిలబడి ఉన్నాడు.

ఆ రోజు తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు. రిబెరా తన జన్మలో ఒకేఒక్క ఏడాది దేశస్థాయి పోటీల్లో ఆడింది. ఆఖరి ఆట సొంత మైదానంలో, శాంతా ఫే జట్టుతో. గెలవక్కర్లేదు, సమానంగా ముగిస్తే చాలు, ఆ స్థాయిలో నిలబడతారు. ఎనభై ఏడో నిమిషంలో నదివైపు గోల్‌లోకి బంతి కొట్టి రిబెరాని ముంచినవాడు అవతలి జట్టులో ఆడుతున్న నజరేనో. ఆ మైదానం గడ్డిమీద నడక నేర్చుకున్నవాడు, మైదానం చూసుకునే ఎవరిస్తో కొడుకు.

పెంచిన క్లబ్బు మీద గోల్ కొడితే పండగ చేసుకోకూడదు. క్షమించమని చేతులు జోడించాలి. అది అందరికీ తెలిసిన మర్యాద. నజరేనో ఆ మర్యాద పాటించాడు. అతని జట్టువాళ్ళు వచ్చి కౌగిలించుకోబోతే పక్కకి జరిగి, జనంవైపు తిరిగి చేతులు జోడించాడు. ఏడుస్తూనే ఊరు అతన్ని క్షమించింది. మన పిల్లాడు, సంస్కారం ఉన్నవాడు అంది. రిబెరా మళ్ళీ ఎప్పుడూ పైకి రాలేదు. ఆ ఫోటో మాత్రం మంగలి షాపులో, రొట్టెల దుకాణంలో ఇప్పటికీ ఉంది.

ఊరు క్షమించనిది ఒక్కణ్ణే. బంతి లోపలికి వెళ్ళగానే మైదానమంతా ఊపిరి బిగబట్టుకున్నప్పుడు, నదివైపు కంచె దగ్గర్నుంచి ఒకే ఒక్క గొంతు గోల్ అని అరిచింది. ఎవరో తెలియలేదు. అవతలి జట్టువాడు దొంగచాటుగా దూరాడని కొందరు, పందెం కాసిన వాడెవడో అని కొందరు. పద్నాలుగేళ్ళుగా అదొక కథ.

"ఆ వెధవ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది వదినా" అన్నాడు పెరూచి బుధవారం కూడా.

పద్నాలుగేళ్ళ కిందట, ఆ ఆట తరువాతి సోమవారం పొద్దున ఎవరిస్తో తాళాలగుత్తి క్లబ్బులో ఇచ్చేశాడు. ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగం. కొడుకు చేసినదానికి తండ్రి తలవంచుకున్నాడని జనం ఆయన్నీ మెచ్చుకున్నారు. అప్పట్నుంచి కొడుకు ఫోన్ చేస్తే ఆయన అనేది ఒకటే మాట. ఉండు, అమ్మకిస్తున్నా.

ఇప్పుడు పెరూచి చెప్పిందేమిటంటే, ఆ ఫోటోని గేటు పక్క గోడమీద నిలువెత్తు బొమ్మగా వేయించారు. ఆదివారం తెర తీస్తారు. తెర తీసిన చేత్తోనే కుర్రాళ్ళ జట్లన్నీ నజరేనోకి అప్పగిస్తారు. జీతం పెద్దది కాదు కానీ ఊరు దాటి వెళ్ళక్కర్లేదు. తండ్రి కూడా పక్కన నిలబడితే ఊరికి చూడముచ్చటగా ఉంటుంది.

ఎవరిస్తో కళ్ళద్దాలు తుడుచుకుని ఫోటో చూశాడు. మళ్ళీ తుడుచుకుని మళ్ళీ చూశాడు. "సరే ఎలియో" అని లేచి లోపలికెళ్ళాడు. వచ్చేటప్పుడు భుజాన పరుపు ఉంది.

"పోనీ బస్సెక్కు" అంది డెల్మీరా ఇప్పుడు. "కానీ ఈ ఇంట్లోంచి చెప్పకుండా ఎవరూ వెళ్ళరు. వెళ్ళి ఆయనకి చెప్పిరా."

"ఏం చెప్పను?"

"వెళ్తున్నానని చెప్పు. పంతొమ్మిదేళ్ళు మైకుల ముందు మాట్లాడావు, అది రాదా?"

వేడినీళ్ళ ఫ్లాస్కు, మాతే తాగే సొరబుర్ర వాడి చేతిలో పెట్టింది. నజరేనో కుంటుతూ పెరట్లోకి దిగాడు. ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి దిగడం చూసి ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

వినకూడదని అనుకోలేదు. అలాగని వినాలనీ అనుకోలేదు. దుప్పట్లు చలికి అట్టల్లా బిగుసుకుని తీగమీద ఉన్నాయి. వాటిని తీయాలి. తీగ షెడ్డు పక్కనే ఉంది.

మొదట ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు. తరువాత ఎవరిస్తో గొంతు.

"ఆ కాలు వంచకు. ఈ పీట తీసుకో. నేను పెట్టెమీద కూర్చుంటా."

"పరవాలేదు."

"కూర్చో అన్నానా."

పెట్టె జరిగింది. తరువాత దారం గీసుకున్న చప్పుడు. దుప్పటి సందులోంచి చూస్తే, నజరేనో వల రెండో కొస బిగలాగి పట్టుకుని ఉన్నాడు. చిన్నప్పుడు శీతాకాలం మధ్యాహ్నాలన్నీ వాడు అలాగే పట్టుకునేవాడు. ఎవరూ పట్టుకోమని చెప్పినట్టు లేదు.

"ఆదివారం ఆ గోడ దగ్గర నిలబడతావా?" అన్నాడు ఎవరిస్తో.

"లేదు. ఇవాళే వెళ్తున్నా."

"నేను నిన్ను నిలబడొద్దనలేదు."

"ఏమీ అనలేదు నాన్నా. పద్నాలుగేళ్ళు ఏమీ అనలేదు."

గాలికి దుప్పటి అంచు కొట్టుకుంది. డెల్మీరా దాన్ని చేత్తో ఆపింది.

"నాకు ఆ రోజు వినపడింది" అన్నాడు నజరేనో.

చెక్క సూది ఆగిపోయింది.

"నాకు తెలుసు" అన్నాడు ఎవరిస్తో. "నీ ఎడమ భుజం కదిలింది. చిన్నప్పుడు వెనకనుంచి పిలిస్తే అలాగే కదిలేది. భుజం కదిలింది, నువ్వు తిరగలేదు."

డెల్మీరాకి వెంటనే అర్థం కాలేదు. అర్థమైన తరువాత కూడా ఆమె చేతులు దుప్పటిమీదే ఉండిపోయాయి.

"తిరిగితే నేను చూసినవైపే అందరూ చూసేవాళ్ళు" అన్నాడు కొడుకు. "నిన్ను చంపేసేవాళ్ళు."

"అదొక్కటేనా?"

"కాదు" అన్నాడు. "భయం కూడా. ఇరవై నాలుగేళ్ళు నాకు. అందరూ నన్నే చూస్తున్నారు. నీ గొంతు విని కూడా విననట్టు చేతులు జోడించాను. ఫోన్‌లో నువ్వు అమ్మకిచ్చేసిన ప్రతిసారీ, ఇందుకే అనుకునేవాణ్ణి."

ఎవరిస్తో మాట్లాడటం మొదలుపెట్టాడు. అంత పొడుగ్గా ఆయన మాట్లాడటం డెల్మీరా పెళ్ళైన కొత్తలో విన్నదే. కోపం లేదు గొంతులో. పని ఎలా చేయాలో కొత్త కుర్రాడికి చెప్పినట్టు చెప్పాడు.

నదివైపు గోల్‌కి ఆరడుగుల ముందు ఒక బోడి మచ్చ ఉండేది. ఏటా సెప్టెంబరులో విత్తనం చల్లేవాడు, ఎన్నడూ మొలవలేదు. దాని అడుగున పాత ఇటుకబట్టీ నేల ఉందని ఆయన అనుమానం. పైకి చూస్తే తెలియదు, పక్క గడ్డి దువ్వి కప్పేవాడు. బంతి అక్కడ పడితే లేవదు, పాములా జారిపోతుంది. ఆ సంగతి క్లబ్బులో కూడా ఎవరికీ చెప్పలేదు. చెప్పింది ఒక్కడికే, ఎనిమిదేళ్ళ వాడికి, ఒక ఆదివారం.

"నువ్వు కొట్టింది గోల్‌వైపు కాదు. మచ్చమీదికి కొట్టావు. నేను కంచె దగ్గర ఉన్నా. నీ పాదం తిరగడం చూశాను, ఎక్కడికి కొడుతున్నావో తెలిసిపోయింది. బంతి లోపలికెళ్ళక ముందే నోరు తెరుచుకుంది." ఆయన సూది కింద పెట్టాడు. "నా క్లబ్బు మునిగిపోతోంది. ముప్పై ఒక్కేళ్ళు నీళ్ళు పోసిన గడ్డి. నేను గోల్ అని అరిచాను."

"నాన్నా."

"తాళాలు అందుకిచ్చాను. అరిచిన నోటితో అక్కడ జీతం తీసుకోలేక. ఊరు వేరే అనుకుంది, అనుకోనిచ్చాను. నీతో మాట్లాడకపోవడం మాత్రం..." ఆయన వలమీద వేళ్ళు ఆడించాడు. "ఆ గోల్ మనిద్దరిదీరా. నేను జీవితంలో కొట్టిన గోల్ అదొక్కటే. నువ్వు దానికి అందరిముందూ క్షమాపణ అడిగావు."

డెల్మీరా దుప్పటికి నుదురు ఆనించింది. సబ్బు వాసన, చలి. ఆ రోజు అరిచిన గొంతే తన పక్కన పద్నాలుగేళ్ళు గురక పెట్టింది. ఒక్క రాత్రి కూడా ఇటు తిరిగి ఈ మాట చెప్పలేదు. బాధ అక్కడే కలిగింది ఆమెకి. కాస్త సేపటికి ఆ బాధ కూడా ఆయనమీద జాలిగానే మారింది.

లోపల నజరేనో అన్నాడు, ఆదివారం వెళ్తానని. వెళ్ళి మైకులో ఉన్నదున్నట్టు చెప్తాడట. అరిచింది మా నాన్న, నాకు వినపడింది, మచ్చ చూపించింది కూడా ఆయనే అని.

"చెప్పకు" అన్నాడు ఎవరిస్తో వెంటనే. "బుద్ధి ఉందా? ఈ ఊరు నిన్ను ప్రేమించేది ఆ చేతులు చూసి. మైదానం రహస్యం అమ్ముకున్న ఇల్లు అంటారు. పిల్లల్ని నీకిస్తారా అప్పుడు? ఆ మోకాలితో ఎక్కడికెళ్తావు, టైర్లు లెక్కపెట్టడానికా?"

"అయితే చెప్పను. నువ్వు వచ్చి నా పక్కన నిలబడు."

"ఆ బొమ్మ పక్కన నేను నిలబడలేను నజా."

పేరు పెట్టి పిలిచాడు. తను పిలిచిన సంగతి ఆయన గమనించినట్టు లేదు. కొడుకు గమనించాడు. తల వంచుకుని వల ముడులు ఒక్కొక్కటే తడుముతున్నాడు.

"నువ్వు లేకుండా నేనూ నిలబడలేను" అన్నాడు. "కాబట్టి బస్సే."

ఇద్దరూ మెత్తగానే మాట్లాడుతున్నారు. అందుకే డెల్మీరాకి భయం వేసింది. అరుచుకుంటే మధ్యలోకి వెళ్ళేది. ఇలా ఒకరికొకరు దారి వదులుకుంటూ, మర్యాదగా, ఇద్దరూ చెరొక దారిన పోయేటట్టున్నారు.

"బస్సుకి ఇంకా టైముందిగా" అన్నాడు ఎవరిస్తో. ఫ్లాస్కు మూత మళ్ళీ తిరిగింది. "నేనొకటి చూడలేదు. బంతి లోపలికెళ్ళే క్షణంలో కళ్ళు మూసుకున్నాను. బంతి ఎటువైపు వెళ్ళింది, కుడి స్తంభమా?"

"కుడి స్తంభాన్ని ముట్టుకుని."

"మొదట్నుంచీ చెప్పు. బంతి నీకు ఎవరిచ్చారు?"

నజరేనో చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమ గీత దగ్గర చేత్తో విసిరిన బంతి అది. ఛాతీమీద ఆపాడట. ఎదురుగా రిబెరా నాలుగో నంబరు ఆటగాడు, చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్నవాడు, ఏరా అమ్మ బాగుందా అని అడిగాడట ఆట మధ్యలో. బాగుంది అని చెబుతూనే వాణ్ణి దాటేశాడట. ఎవరిస్తో ముక్కులోంచి నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నేళ్ళైందో డెల్మీరాకి గుర్తులేదు.

ఆమె దుప్పట్లు బుట్టలో వేసుకుని ఇంట్లోకి వచ్చింది. గడియారం చూసింది. అయిదుకి పది నిమిషాలు. మధ్యాహ్నం నిద్రవేళ అయిపోయింది, దుకాణాలు తెరుస్తారు. బూడిదరంగు కోటు తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుంది. రొట్టెల సంచీ చేతిలో పట్టుకుంది కానీ రొట్టెల దుకాణం వైపు తిరగలేదు.

పెరూచి మందుల షాపు మూలమీద ఉంది. ఇనప తలుపు సగం పైకెత్తి ఉంటే వంగి లోపలికి వెళ్ళింది. పోస్టాఫీసు వెనక ఉండే లావుపాటావిడ బరువు తూచే మిషనుమీద నిలబడి, చేతిసంచీ కింద పెట్టాలా వద్దా అని పెరూచితో వాదిస్తోంది. సంచీ బరువు తనది కాదంటోంది. కోటు బరువు కూడా తీసేయాలంటోంది.

"వదినా, రా రా" అన్నాడు పెరూచి. "మనవాడు మాటిచ్చాడా? బొమ్మ వేసిన మాస్టారు పొద్దున్నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. చేతివేళ్ళు మరీ బాగా వచ్చాయట, నువ్వు చూడాలి. రక్తపోటు మాత్రలేనా? తీసి పెట్టాను."

"మాత్రలకి రాలేదు" అంది డెల్మీరా. "ఆవిణ్ణి ముందు పంపించు. నేను కూర్చుంటా."

గోడ పక్క కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా అద్దంమీద పాత ఫోటో అంటించి ఉంది, అదే ఫోటో, ఎండకి కాస్త పసుపురంగు తిరిగింది. కొడుకు వంచిన తల చూసింది. ఇన్నేళ్ళూ చూసిందే, కానీ ఎడమ భుజం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. అవును, ఆ భుజం కొంచెం వెనక్కి తిరిగే ఉంది.

ఈ పదకొండు రోజులు మోసిన మాటలన్నీ ఒకరు పంపితే ఇంకొకరికి చేర్చినవి. ఇది మాత్రం ఎవరూ పంపలేదు. చెబితే వాళ్ళిద్దరూ ఏమంటారో ఆమెకి తెలియదు. వాడికి పిల్లల్ని ఇవ్వకపోవచ్చు. ఆయన రేపట్నుంచి ఊళ్ళో నడవలేకపోవచ్చు. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు. ఆరుంబావుకి ఒకడు బస్సెక్కుతాడు, ఇంకొకడు చీకటి పడేదాకా వల అల్లుతాడు.

లావుపాటావిడ గొణుక్కుంటూ వెళ్ళింది. పెరూచి కౌంటరుమీదికి వంగాడు.

"ఏంటి వదినా, మొహం అలా ఉంది? వాడు రానన్నాడా?"

"ఎలియో, నదివైపు కంచె దగ్గర అరిచిన మనిషి సంగతి" అంది.

"ఆ వెధవా? ఎవరో తెలిసిందా?"

"పద్నాలుగేళ్ళుగా నా పక్కన పడుకుంటున్నాడు. రెండు రాత్రుల్నుంచి షెడ్డులో పడుకుంటున్నాడు."

పెరూచి నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదని చూసి నోరు మూసుకున్నాడు. కళ్ళద్దాలు తీసి కౌంటరుమీద పెట్టాడు. కౌంటరు పలక పైకెత్తి ఇవతలికి వచ్చాడు. ఆమెను దాటి గుమ్మం దాకా వెళ్ళి, సగం ఎత్తిన ఇనప తలుపుని రెండు చేతులతో నేలదాకా దించేశాడు.